నెత్తి మీది చిన్న అంకె

లోవాన్ టీచరు కుర్చీలో కుదురుగా కూర్చోగా కాన్ థో కాలేజీలో ఎవరూ చూడలేదు. కెమిస్ట్రీ వాళ్ళ వరండాలో ఆమె చెప్పుల చప్పుడు అటూ ఇటూ వినబడుతోందంటే, ఏదో తేల్చుకోలేక తిరుగుతోందని లెక్క. ఆ వానాకాలం ఆమెను తిప్పించిన సంగతి చూడ్డానికి చాలా చిన్నది. పిల్లలు ల్యాబు రిపోర్టుల్లో మరీ పెద్ద సంఖ్యల్నీ, మరీ చిన్న సంఖ్యల్నీ ఏ పద్ధతిలో రాయాలి?

ఇక్కడి బళ్ళో అందరూ నేర్చుకున్నదే ఆమె కూడా నేర్చుకుంది. దశాంశానికి కామా, గుణకారానికి చుక్క, పది నెత్తి మీద చిన్న అంకె. 4.10⁻³ అని రాస్తే, నాలుగుని వెయ్యితో భాగించినంత అని అర్థం. పైచదువుకి ఆస్ట్రేలియా వెళ్తే అక్కడి ప్రొఫెసరు ఆమె కామాలన్నిటి చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు. అక్కడ దశాంశానికి చుక్క, గుణకారానికి ఇంటూ గుర్తు. నానా తంటాలూ పడి చెయ్యి అలవాటు చేసుకుని ఇంటికొస్తే, ఇక్కడి పాత ప్రొఫెసరు ఒకాయన ఆమె చుక్కలన్నిటికీ సున్నాలు చుట్టాడు. అప్పట్నుంచీ అంకె రాయబోయినప్పుడల్లా పెన్ను కాగితానికి ఆనేముందు గాల్లో ఆగిపోయేది. పాలవాడికి చీటీ రాసేటప్పుడు కూడా.

డిపార్టుమెంటు పెద్ద కీట్‌కి ఆమె మీద అభిమానమే. అందుకే ఆ పని ఆమెకే అప్పజెప్పాడు.

"చెల్లెమ్మా, వచ్చే టర్ముకి పిల్లలందరికీ ఒకటే పద్ధతి ఉండాలి. ఒక్క పేజీ రాసిపెట్టు. బయటి దేశాల వాళ్ళు రాసినట్టే పెట్టేస్తే గొడవుండదు."

"మన పిల్లలు చిన్నప్పట్నుంచీ రాస్తున్నది మాన్పించాలా అన్నయ్యా?"

"అయితే మనదే ఉంచు. ఏదో ఒకటి పెట్టు తల్లీ, నన్ను మాత్రం చంపకు."

ఏదో ఒకటి పెట్టడమే ఆమెకి చేతకానిది. పొద్దున చుక్క అనుకుంటే మధ్యాహ్నానికి ఇంటూ గుర్తు నచ్చేది. చల్లటి కాఫీ గ్లాసులో ఐసు కరిగి నీళ్ళయ్యేదాకా పేజీ ముందు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చునేది. ఈలోగా పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవారు. కొందరు కాలిక్యులేటర్లో కనబడే E అక్షరాన్ని ఉన్నదున్నట్టు దించేసేవారు. ఎలా రాయాలని అడిగితే లోవాన్, "అర్థమైతే చాల్లే అమ్మా" అనేది.

రెండో సంవత్సరం చదివే దియెప్ కూడా అలాగే అడిగింది, అదే జవాబు విన్నది. ఆ పిల్లది ఆన్ జాంగ్ వైపు ఏటి ఒడ్డున ఓ పల్లె. కోర్సు పనికని తన ఊరి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, అందులో ఆర్సెనిక్ ఎంతుందో కొలిచింది. ఆ నేలలో ఆ విషం అక్కడక్కడా ఉంటుందని అందరికీ ఉన్న భయమే. ఫలితం మంచిగానే వచ్చింది. లీటరుకి 4.10⁻³ మిల్లీగ్రాములు, దాటకూడని హద్దులో సగం కూడా కాదు. లోవాన్ ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టింది. ఆ సంబరంలో దియెప్ రిపోర్టులోంచి ఆ ముక్క కాపీ చేసి, ఊరివాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టేసింది.

కాపీ చేసినప్పుడు నెత్తి మీది అంకె కిందికి జారింది. ఊరి ఫోన్లలో కనబడింది 4.10-3.

వారం తిరక్కుండానే దియెప్ ఏడ్చుకుంటూ స్టాఫ్ రూమ్‌లోకి వచ్చింది.

"టీచర్, మా సావ్ పిన్ని సేమియా ఎవరూ కొనట్లేదు. బోరు నీళ్ళలో విషం నాలుగు అంట. హద్దు సున్నా కామా సున్నా ఒకటి అయితే ఇది నాలుగంట. గుడిసె ముందు నిలబడి అరుస్తున్నారంట."

"నాలుగేమిటే? ఎక్కడ చూశారు నాలుగు?"

దియెప్ ఫోన్ చూపించింది. లోవాన్ చూసి, లేచి కిటికీ దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. ఊరివాళ్ళు ముందున్న నాలుగొక్కటే చదివి, మిగతాది వదిలేశారు. తను టిక్కు పెట్టిన వాక్యమే అది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బండి మీద బయల్దేరారు. సంచిలో నీటి పరీక్ష కాగితపు పట్టీల డబ్బా ఉంది. రేవు దగ్గర పడవ కోసం ఆగినంతసేపూ లోవాన్ బండి హారన్ని ఊరికే నొక్కుతూనే ఉంది. టికెట్లబ్బాయి విసుక్కుని, "అక్కా, హారన్ కొడితే పడవ ఈదుకుంటూ రాదు" అన్నాడు.

సావ్ అంటే ఆరు; అక్కడ పెద్దబిడ్డనే రెండని లెక్కపెడతారు కనక ఆవిడ నలుగురు తోబుట్టువుల తర్వాత పుట్టింది, ఊరికంతా పిన్నే. బియ్యప్పిండి నానబెట్టేదీ, సేమియా కడిగేదీ ఆ బోరు నీళ్ళతోనే. వాళ్ళు వెళ్ళేసరికి పొయ్యి చల్లగా ఉంది. ఆవిడ ఉయ్యాలలో పడుకుని, కాలితో నేలను తన్నుతూ ఊగుతోంది.

"రావే దియెప్, చదువుకుని మా బాగా చేశావు. ఈవిడెవరు, నీకు విషం నేర్పిన టీచరా?"

"నేర్పింది నేనే అక్కా," అంది లోవాన్. "మీ నీళ్ళు మంచివి. రాసిన తీరు తప్పు."

"నీళ్ళు మంచివని నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. అది వాళ్ళకి చెప్పు."

ఊరివాళ్ళు అప్పటికే కంచె దగ్గర పోగయ్యారు. అందులో ఒక ముసలాయన చెయ్యెత్తాడు.

"నాలుగు చుక్క పది అంటే అక్టోబరు నాలుగు కాదూ? ఆ తారీకు దాకా తాగొచ్చనుకుని నేను రోజూ తాగుతూనే ఉన్నా!"

నవ్వులు లేచాయి. సావ్ పిన్ని మాత్రం నవ్వలేదు.

లోవాన్ బోరు పంపు కొట్టించి గ్లాసు నింపింది. డబ్బాలోని పరీక్ష పొడి కలిపి, మూత కింద పట్టీ బిగించింది. రంగు తేలడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపు ఆమెకి యుగమైంది. గ్లాసు చుట్టూ తిరుగుతూ, పట్టీ వంక చూడకుండా ఉండలేక, చూడటానికి భయపడుతూ చెమటలు కక్కింది. తీసి చూస్తే లేత పసుపు. డబ్బా మీది రంగుల వరసలో దాన్ని మంచి నీళ్ళ గడి పక్కన పెట్టి అందరికీ చూపించింది. తర్వాత బొగ్గు ముక్క తీసుకుని బోరు పక్క గోడ మీద పెద్దగా రాసింది. ఉన్నది 0,004. హద్దు 0,01.

సావ్ పిన్ని ఉయ్యాల దిగి వచ్చి దాన్ని చదివింది.

"ఇది నాకూ తెలుస్తోందే! ముందే ఇలా రాస్తే మీ సొమ్మేం పోయింది?"

లోవాన్ నోరు తెరిచింది. పెద్ద సంఖ్యలు, చిన్న సంఖ్యలు, ల్యాబు పద్ధతి, ఏవేవో నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ ఆవిడ ముందు నిలబడేలా లేదు.

"ఏమీ పోదక్కా," అంది.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగింది. ఏటి అవతలి హోటలువాడు మళ్ళీ సేమియా తీసుకున్నాడు. పక్కింటి కోడలు మాత్రం పిల్లలున్నారని చెప్పి సీసా నీళ్ళే కొంటూ ఉండిపోయింది. ఆమెను తప్పుపట్టడానికి లోవాన్‌కి మనసొప్పలేదు.

కాలేజీకి తిరిగొచ్చాక ఆమె పేజీ ఒక్క ఊపున రాసేసింది. దశాంశానికి మనకి అలవాటైన కామానే. గుణకారానికి చుక్క వద్దు, ఇంటూ గుర్తు పెట్టాలి. E అక్షరం కాలిక్యులేటర్లోనే ఉండాలి. గది దాటి బయటివాళ్ళ చేతికి వెళ్ళే ఏ ఫలితమైనా సున్నాలన్నీ వేసి మామూలుగా రాయాలి. కీట్ చదివి ముఖం చిట్లించాడు.

"సగం మనది, సగం వాళ్ళది. ఇదేం కలగూరగంప చెల్లెమ్మా?"

"అవునన్నయ్యా. దీనికే సంతకం పెట్టు."

పెట్టాడు.

కొత్త టర్ము మొదటి క్లాసులో ఆమె పేజీ చదివి వినిపించింది. వెనక బెంచీలోంచి దియెప్ లేచింది.

"టీచర్, పది నెత్తి మీద మైనస్ పదకొండు వస్తే? ఊరివాళ్ళ కోసం అన్ని సున్నాలూ రాస్తే వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి."

"అప్పుడు కొలతే మార్చి చెప్పు. మిల్లీగ్రాములు వదిలేసి ఇంకా చిన్నదాన్లో చెప్పు."

"ఆ చిన్న కొలత పేరు సావ్ పిన్నికి ఎలా తెలుస్తుంది?"

క్లాసు నవ్వింది. లోవాన్ కూడా నవ్వింది కానీ, ఆ ప్రశ్న చెవిలో దోమలా రొద పెడుతూనే ఉంది. సాయంత్రం బండి మీద ఇంటికి వెళ్తూ వంతెన మధ్యకొచ్చాక, పేజీలో ఇంకో వాక్యం చేర్చాలనిపించింది. ఏం వాక్యమో ఇంకా తెలియదు. అయినా వంతెన దిగగానే, వెనకాల వస్తున్నవాళ్ళు తిడుతున్నా వినకుండా, బండి కాలేజీ వైపు తిప్పింది.