సర్కారు వడ్లు, నా అంచనా

బాన్సువాడలో ఒక రైస్ మిల్లులో తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బీకాం అయ్యాక మొదట దొరికిన పని అదే. జరిగిపోయినవి రాసుకుంటూ కూర్చోవడం విసుగొచ్చి, డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే కొలువు ఒకటి సంపాదించాలని రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే ఆన్‌లైన్‌లో ఫైనాన్స్ కోర్సు చదివాను. పోయిన యాసంగి పంటకాలంలో, వరి పొట్టకొచ్చిన రోజుల్లో, హైదరాబాద్‌లోని ఒక పెట్టుబడుల కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది.

"అకౌంట్స్ వచ్చినోళ్లకు గా కొలువు ఏం కష్టం?" అంది మా అక్క. అక్కకు అన్నీ తేలికే.

ఇంటర్వ్యూకి ముగ్గురం వచ్చాం. తలా ఒక ఫైలు చేతిలో పెట్టి, ఈ వ్యాపారంలో డబ్బు పెట్టవచ్చో లేదో గంటలో చెప్పమన్నారు. ముగ్గురికీ ఒకటే ఫైలు. తెరిస్తే రైస్ మిల్లు! పేరు కొట్టేశారు గానీ, మా నిజాంసాగర్ కాలువ కిందిదేనని తెలుస్తూనే ఉంది. అదృష్టం ఇలా కూడా వస్తుందా అనుకున్నాను.

మిగతా ఇద్దరూ ఎమ్‌బీఏలు. ఫైల్లోని ఫోటోల్లో మిల్లు ఆవరణ నిండా వడ్ల బస్తాలు. లెక్కల్లో మాత్రం సరుకు నిల్వ చాలా తక్కువ చూపించారు. అంటే దాచిన ఆస్తి బోలెడుంది, మిల్లు చౌకగా వస్తోంది, వెంటనే కొనాలి అన్నారిద్దరూ. వాళ్ల ఇంగ్లీషు వింటుంటే నాకూ కొనాలనిపించింది.

నా వంతు వచ్చింది. ఆ బస్తాలు మిల్లువి కావని చెప్పాను. సర్కారు రైతుల దగ్గర కొని, ఆడించి బియ్యం తిరిగి ఇమ్మని మిల్లుకు అప్పజెప్పిన వడ్లు అవి. మిల్లుకు మిగిలేది ఆడించిన కూలి, తవుడు, ఊక. లెక్క రాసిన గుమస్తా సరిగ్గానే రాశాడు.

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దావిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. కొలువు వచ్చేసిందనే అనుకున్నాను.

"మరి ఈ యాసంగికి ఆ మిల్లుకు ఎన్ని వడ్లు రావచ్చు?" అన్నారు.

"ఫైల్లో లేదు మేడం."

"మీ అంచనా అడుగుతున్నాను."

"కాగితం లేకుండా ఎట్ల చెప్పాలి మేడం?"

తొమ్మిదేళ్లలో బిల్లు లేని పైసా ఒక్కటీ రాయలేదు నేను. అదే నా గర్వం. ఆవిడ మర్యాదగానే నవ్వారు. తమ అకౌంట్స్ సెక్షన్‌లో ఖాళీ ఉంది, అందులో అయితే రేపే చేరవచ్చు అన్నారు. వద్దని చెప్పి వచ్చేశాను. ఎమ్‌బీఏల్లో ఒకరికి ఆ కొలువు వచ్చిందని తర్వాత తెలిసింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు మిల్లులో నా కుర్చీలో కూర్చున్నాను. మిల్లు యజమాని సేటు వచ్చాడు.

"ఏమైంది బిడ్డా?"

"కాలేదు సేటు."

ఆయన ప్రతి సీజన్‌లో అడిగే మాటే అడిగాడు. "గీసారి వడ్లు ఎట్లొస్తయంటవ్?"

"పోయినసారి కంటే ఎక్కువనే వస్తయి. కోటగిరి దిక్కు చివరి పొలాలకు గూడ కాలువ నీళ్లందినయి. వర్నిలో ఒక్క మడి ఖాళీ లేదు. మనకున్న జాగ సరిపోదు" అన్నాను, చేతిలోని బిల్లు మీంచి తల ఎత్తకుండానే.

సేటు వెంటనే ఫోన్ తీశాడు. "నస్రుల్లాబాద్ గోదాము మనకే ఉంచు. కిరాయి ఇయ్యాల్నే పంపుతున్న" అని ఎవరికో చెప్పాడు. కాగితం ఏదని నన్ను అడగలేదు. ఏ ఏడూ అడగలేదు.

హైదరాబాద్‌లో ఆవిడ అడిగింది ఇదే మాట. బిల్లు మీద అంకెలు మసకబారాయి. కళ్లు తుడుచుకుని వాటిని మళ్లీ మొదటి నుంచి కూడుకుంటూ వచ్చాను.