బీదర్ కోట మట్టి

మొన్న బీదర్ చూడబోయాను. అక్కడ నల్లటి పాత్రల మీద వెండి తీగ పొదిగే పనివాడొకాయన కోట మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. పాత్రకు ఆ నలుపునిచ్చేది ఆ మట్టేనట, అది మంచిదో కాదో రుచే చెబుతుందట. నాకు చిన్నప్పటి కుళ్లు గుర్తొచ్చింది.

తొర్రూరులో అక్క పదో తరగతి, నేను ఆరు. బడివాళ్లు బీదర్‌కు పదో తరగతి పిల్లల్నే తీసుకుపోయారు. అక్క తిరిగొచ్చిన సాయంత్రం నాయిన ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, వాడకట్టు వాళ్లందరినీ పిలిచాడు. ఆ కుర్చీలో నన్నెన్నడూ కూర్చోనివ్వలేదు.

"గాడ పనోళ్లు మన్ను నాకి చూస్తరు" అంటోంది అక్క.

నాకు ఒళ్లు మండింది. "అబద్ధం! మన్ను ఎవలన్న నాకుతరా?" అని అరిచాను. అందరూ పకపకా నవ్వారు. అక్క ముఖం చిన్నబోయింది.

తర్వాత ఆమె నా చేతిలో ఓ కాగితం పొట్లం పెట్టింది. విప్పితే మట్టి. తను చూసొచ్చానని గొప్ప చూపడానికే తెచ్చిందనుకుని మురికినీళ్ల మోరీలో పారబోశాను.

మొన్న పనివాణ్ణి అడిగి నేనూ చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పింది నిజమేనక్కా. బీదర్ మన్ను ఉప్పుప్పగ ఉన్నది."



"అవునా? నేను గప్పుడు నాకలేదే. ఇద్దరం కలిసి రుచి చూద్దామని పొట్లం కట్టుకొచ్చిన" అంది.

తర్వాతి మాటలో, నా ఒక్కదానిదే అనుకున్న కుళ్లు ఆమె గొంతులో మొదటిసారి విన్నాను.

"ఆఖరికి నువ్వొక్కదానివే చూస్తివి."