బాపు బస్సు కోసం పెంచిన వేగం

నా టేబుల్ కింద ఉన్న పాత కంప్యూటర్‌ను ఇంట్లో అందరూ డబ్బా అంటారు. నేను మాత్రం దాన్ని పల్లెత్తు మాట అనను. అది మా ఇంటికి చేసిన మేలు నాకు తెలుసు.

బాపు అంటే మా నాన్న, అవ్వ అంటే మా అమ్మ. బాపు ఉద్యోగమంతా బస్సు నడపడమే. ఆసిఫాబాద్ నుంచి జైనూర్ పోయే కెరమెరి ఘాట్‌లో ప్రతి మలుపూ ఆయనకు కంఠతా వచ్చు. రిటైరై కరీంనగర్‌లో స్థిరపడ్డాక పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయాయి. మందులతో, ఫిజియోథెరపీతో చాలావరకు తిరిగొచ్చాయి కానీ, డాక్టర్ ఇక బండి నడపొద్దన్నాడు. బాపు స్కూటర్ తాళంచెవి అవ్వ చేతిలో పెట్టి, ఆ రోజు నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే బస్సుల గేర్లు వింటూ కూర్చునేవాడు.

నాకు కాలేజీ రోజుల నుంచీ గేముల పిచ్చి. పెళ్లీడు దాటుతున్నా ఆ పిచ్చి వదల్లేదని అవ్వ దిగులు. చేతికి ఏదో ఒక పని చెప్పమని ఫిజియోథెరపిస్ట్ అంటే, సెకండ్‌హ్యాండ్ గేమింగ్ స్టీరింగ్ ఒకటి తెచ్చి టేబుల్‌కు బిగించాను. కొండదారుల్లో బస్సు నడిపే గేమ్ పెట్టాను. బాపు మొదట నవ్వాడు. కాసేపయ్యాక, ఇందులో హారన్ ఎక్కడుందని అడిగాడు.

చిక్కల్లా చెట్లు దట్టంగా వచ్చే చోట. అక్కడ తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి బస్సు లోయలో ఉండేది. నాకిది అలవాటే, నాలుగు తిట్లు తిట్టి మళ్లీ మొదలుపెడతాను. బాపు మాత్రం కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

“నా చెయ్యే ఆలస్యమైతుంది బిడ్డా.”

చేయి కాదు, కంప్యూటర్ ఆగుతోందని చెప్పాను. తల ఊపాడు గానీ నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? జబ్బు చేసినప్పటి నుంచి మేమంతా ఆయనకు తీపి అబద్ధాలే చెబుతూ వచ్చాం. మాట ముద్దముద్దగా వస్తున్న రోజుల్లో కూడా బ్రహ్మాండంగా మాట్లాడుతున్నావన్నాం. ఇప్పుడు నిజం చెబితే అదీ ఆ గంపలోనే పడింది. తర్వాత ఆయన స్టీరింగ్ దగ్గరికి రావడం మానేశాడు. ఈ చేయి ఇక ఇంతే అనుకుంటే ఎక్సర్‌సైజులు కూడా వదిలేస్తాడని నాకు భయం పట్టుకుంది. మాటలతో అయ్యే పని కాదు. తెర ఆగకుండా చేసి చూపించాల్సిందే.

గేమ్ నడుస్తుండగా లోపల ఎవరు పని చేస్తున్నారో చూశాను. గ్రాఫిక్స్ కార్డు కాళ్లు చాపుకుని కూర్చుంది. ప్రాసెసర్ ఒక్కటే బరువంతా మోస్తూ రొప్పుతోంది. కొత్తది కొనే మాట ఇప్పట్లో లేదు. అదృష్టం కొద్దీ నాది వేగం పెంచుకోనిచ్చే రకం ప్రాసెసర్. కంపెనీ పెట్టిన వేగం కంటే కాస్త ఎక్కువగా పరుగెత్తించవచ్చు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. కాకపోతే వేగంతో పాటు వేడి పెరుగుతుంది. ఆ వేగం నిలవడానికి ఇచ్చే వోల్టేజీ మితిమీరితే ప్రాసెసర్ ప్రాణమే పోతుంది.

దేవుడు నాకు అన్నీ ఇచ్చి ఓపిక దగ్గర చేయి బిగించాడు. ఒక శనివారం ఏదో వీడియో చూసి, అందులో చూపించిన అంకెలే నా కంప్యూటర్‌లోనూ పెట్టేశాను. బస్సు ఎక్కడా ఆగలేదు. బతిమాలగా బతిమాలగా బాపు చిన్న రూటు ఒకటి పూర్తి చేశాడు. ఇక అవ్వను పట్టగలమా? మర్నాడు చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే అందరికంటే ముందు లేచింది. తన భర్త చేతికి బలమూ, తన బిడ్డ కంప్యూటర్‌కు వేగమూ ఇచ్చిన దేవునికి స్తోత్రాలు చెప్పింది. వెనక నుంచి ఎవరో హల్లెలూయా అన్నారు. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను.

అదే మధ్యాహ్నం, గేమ్‌లో కొండ ఎక్కుతుండగా తెర నల్లబడి కంప్యూటర్ మొత్తం ఆగిపోయింది. బాపు స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“నేనేమన్న తప్పు ఒత్తిన్నా?”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. వంటింట్లోకి వెళ్లి, ఇంకా సరిగ్గా పరీక్షించకముందే సాక్ష్యం చెప్పేంత తొందరేమొచ్చిందని అవ్వ మీద అరిచాను. అవ్వ చింతపండు పిసుకుతూ తలైనా ఎత్తలేదు.

“చెప్పిన సాక్ష్యం వాపస్ తీసుకోరాదు. చెప్పుడు నేను చెప్పిన. నిలవెట్టుడు నీ పని.”

సోమవారం నుంచి బుద్ధిగా మొదలుపెట్టాను. ముందు అన్నీ పాత అంకెలకే తెచ్చాను. క్యాబినెట్ విప్పి చూస్తే దుమ్ము మందంగా పేరుకుంది. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండి పెచ్చులు లేచింది. అంతా తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి, ప్రాసెసర్ మీద పెద్ద ఫ్యాన్ బిగించాను. కరీంనగర్ ఎండల్లో మనుషులే సొమ్మసిల్లి పడిపోతారు, ప్రాసెసర్ ఒక లెక్కా. అవ్వ జాలిపడి, హాల్లో ఉన్న నీళ్ల కూలర్‌ను ఈడ్చుకొచ్చి విప్పిన క్యాబినెట్ ముందు పెట్టింది. లోపల తుంపర పడితే సాక్ష్యంతో పాటు కంప్యూటర్ కూడా పోతుందని చెప్పి, దాన్ని మళ్లీ ఆమె వైపే తిప్పాను.

ఆ తర్వాత చేసిందల్లా ఒకటే. వేగం ఒక్క మెట్టు పెంచడం, ప్రాసెసర్‌ను ఊపిరాడనివ్వని టెస్టు ప్రోగ్రామ్ ఒకటి నడపడం, వేడి ఎంతకు ఎక్కిందో చూడడం. ఎనభై డిగ్రీలు దాటనివ్వకూడదని గీత గీసుకున్నాను. వోల్టేజీని ముట్టుకోవడం చిట్టచివరికి, అదీ చిటికెడు. బాపు గేటు దగ్గరి కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు చూసినట్టు ఆ అంకెనే చూసేవాడు. అది డెబ్బై దాటితే గొంతు సవరించుకునేవాడు. ఆయన పక్కనుండబట్టే నా చేతులు తొందరపడలేదు. టెస్టు నడిచినంతసేపూ కబుర్లు. బ్రేకులు వేడెక్కి ఘాట్ మధ్యలో బస్సు ఆపితే, ఒక ముసలామె గంపలోని సీతాఫలాలు బస్సులో అందరికీ పంచిందట. పుట్టి ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు తెలియదు. అలాంటి రోజులు దొరికినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ కంప్యూటర్‌కే పెడుతుంటాను.

ఒక మెట్టు దగ్గర టెస్టు తప్పు చూపించింది. ఇంకాస్త వోల్టేజీ ఇస్తే నిలబడేదేమో, చేయి దురద పెట్టింది. అయినా మనసు బిగబట్టుకుని రెండు మెట్లు కిందికి దిగాను. అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపినా తొణకలేదు. అవ్వకు ఆ సంగతి చెప్పి, మళ్లీ చర్చిలో లేవొద్దని కూడా చెప్పాను.

మర్నాడు టిఫిన్ అయ్యాక బాపు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. చెట్లు దట్టమయ్యాయి. తెర ఆగలేదు. మొదటి మలుపు తిరిగింది, రెండోదీ తిరిగింది. బాపు భుజాలు నెమ్మదిగా వదులయ్యాయి. మూడోది బాగా ఇరుకు మలుపు. బస్సు వెనక భాగం గోడను గీసుకుంటూ పోయి ఆగింది.

నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది. కంప్యూటరే బాపూ, ఇంకా సరిగ్గా కుదరలేదు అని. ఇన్నాళ్ల అలవాటు మరి. నేను నోరు తెరిచేలోపే ఆయన ఎడమచేయి ఎత్తి నన్ను ఆపాడు. తెర వైపు చూశాడు, కుడి చేతి వైపు చూశాడు. మొహమంతా నవ్వు. తన తప్పు తనకు దొరికినందుకు అంత సంబరపడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

“గిది దానిది కాదు బిడ్డా, నాదే. జర ఆలస్యంగ తిప్పిన,” అన్నాడు. “నాదైతే దిద్దుకుంట.”

రివర్స్ గేరు వేసి బస్సును మలుపు మొదటికి తెచ్చుకున్నాడు.