పదిహేడో గుంత, ఏడు దెబ్బలు

2003 జనవరి. ఉదయం ఆరుంపావు. ఉత్తరాదిన ఒక కంటోన్మెంటు. మూడు డిగ్రీల చలి, పది గజాల అవతల ఏమీ కనిపించని పొగమంచు. అంతకుముందు పద్నాలుగు నెలలు సరిహద్దులో కొండ మీది పోస్టులో ఉన్నాను. ఇక్కడ యుద్ధం ఉండదు, విశ్రాంతి స్టేషన్ అన్నారు. నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, ఒక బెడ్డింగు, ఒక డిగ్రీ ఉన్నాయి. మొదటి రెండూ పనికొచ్చాయి.

సుబేదార్ సాబ్ నా కాగితాలు తిరగేశారు. "బీఎస్సీ స్టాటిస్టిక్స్. సూర్యాపేట. లెక్కలు బాగా వస్తాయా?"

"వస్తాయి సాబ్."

"రేపు ఐదున్నరకు గోల్ఫ్ గ్రౌండులో రిపోర్ట్ చెయ్. కమాండింగ్ ఆఫీసర్ ఎన్ని దెబ్బలు కొడుతున్నారో లెక్కపెట్టాలి."

ఎవరిని అని అడగలేదు. సైన్యంలో అలాంటివి అడగరు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. గోల్ఫ్ అంటే చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంతలో వేయడం. గుంతలు పద్దెనిమిది. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. మా కమాండింగ్ ఆఫీసర్, అంటే సీఓ సాబ్, అంత గొప్పవారు కాదు.

నాకు ఇచ్చిన సామాను: ఒక అట్ట, రెండు పెన్సిళ్లు, ఒక రిజిస్టరు, ఒక వాకీటాకీ. రిజిస్టరులో గడులు గీశాను. మొత్తం దెబ్బలు, ఇసుకలో పడ్డవి, పొదల్లో పడ్డవి, గుంత పక్కకొచ్చాక తడుముకున్నవి. చివరి గడి వెడల్పుగా గీయాల్సి వచ్చింది.

మొదటి వారమే ఆయన నాకు నియమం చెప్పారు. "కొట్టాలని కర్ర ఊపితే, బంతికి తగలకపోయినా అది ఒక దెబ్బే. నిజాయితీగా రాయి. లేకపోతే నేను బాగుపడేదెలా?" నేను నమ్మాను. చదువుకున్నవాళ్లకు వచ్చే జబ్బు అది.

మాది గొర్లు కాసే ఇల్లని తెలిసి ఒకరోజు సంబరపడ్డారు. "ఈ ఆట కనిపెట్టింది గొర్రెల కాపరులేనట, తెలుసా?" తెలియదు. మావాళ్లకు అంత తీరిక దొరికినట్టు లేదు.

నా లెక్క కూడా దొడ్డి దగ్గర నేర్చుకున్నదే. మా ఆత్మకూరులో పొద్దుగూకినంక జీవాలు లోపలికి పోతుంటే మా నాయిన నోటితో లెక్కపెట్టడు. ఎవడో ఒకడు వచ్చి పలకరిస్తే లెక్క తప్పుతుంది. అందుకని ఇరవై జీవాలు దాటగానే ఒక గులకరాయి కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి వేస్తాడు. నేను దెబ్బకొక రాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. గుంతకూ గుంతకూ మధ్య ఆఫీసర్లు ఎంత మాట్లాడినా లెక్క చెడేది కాదు.

మార్చిలో ఇంటికి ఫోన్ చేశాను. నాయిన ఊళ్లోని ఎస్టీడీ బూతుకు కుంటుకుంటూ వచ్చాడట.

"కొడుకా, బాయి గట్టు మీదికెళ్లి పడ్డ. కాలు ఇరిగింది, పట్టీ కట్టిండ్రు. గీడ మేత ఖతమయింది. మంద పాలకీడు దిక్కు కొట్టుకపోవాలె, గాడ కాలువ కింద ఏమన్నా దొరుకుతదట. అందరు పోయిండ్రు. మనయే ఉన్నయ్. నువ్వొస్తేనే అయితది."

"ఎన్ని దినాలు ఆగుతయ్ నాయినా?"

"పదిహేను. ఆపైన నిలవయ్."

జీవాలు అరవై రెండు. సీఓ సాబ్‌ను సెలవు అడిగాను. మంచిగానే విన్నారు. "కప్పు పోటీ పన్నెండో రోజు. అది కాగానే బయల్దేరు. ముప్పై రోజులు ఇస్తాను."

పోటీ రోజు. చివరికి మిగిలింది ఇద్దరు: సీఓ సాబ్, మిలిటరీ దవాఖాన డాక్టరు. పదహారు గుంతలకు ఇద్దరూ సమానం. పది నలభైకి పదిహేడో గుంత మొదలైంది. మధ్యలో సీఓ సాబ్ బంతి తుమ్మపొద వెనక పడింది. ఆ పక్క నేను తప్ప ఎవరూ లేరు. ఆయన అటూ ఇటూ చూసి కర్ర ఊపారు. బంతి అక్కడే ఉంది. మళ్లీ ఊపారు. అప్పుడు కదిలింది. నా చెయ్యి రెండు రాళ్లు మార్చింది.

గుంత పూర్తి కాగానే వాకీటాకీ పలికింది. క్లబ్బు దగ్గర బోర్డు రాసేది వైర్‌లెస్ ఆపరేటర్, కోదాడ మనిషి.

"బోర్డు నుంచి. సీఓ సాబ్ పదిహేడు ఎంత? ఓవర్."

సీఓ సాబ్ నా వైపు చూసి, మెల్లగా, "ఆరు," అన్నారు.

నా సెలవు ఆయన సంతకంలో ఉంది. అరవై రెండు జీవాలు ఆ సంతకంలో ఉన్నాయి. ఆరు అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. కానీ చెయ్యి ఎడమ జేబులో ఉంది.

"ఏడు. ఓవర్."

కాసేపు గరగర. "ఏడే రాయమంటావా? ఓవర్."

"ఏడే. ఓవర్."

పదిహేడులో డాక్టరుకు ఆరు, పద్దెనిమిదిలో ఇద్దరూ సమానం. ఒక్క దెబ్బ తేడాతో కప్పు డాక్టరుకు పోయింది. సీఓ సాబ్ చప్పట్లు కొట్టారు. ఆయన చాలా మర్యాదస్తుడు.

మధ్యాహ్నం లంగరులో, అంటే జవాన్ల భోజనశాలలో, ఆపరేటర్ నా పక్కన కూర్చున్నాడు. "ఏందయ్యా నువ్వు? ఆరంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? బంతొచ్చి సాక్ష్యం చెప్పుద్దా?"

"కర్ర ఊపిండు గదన్నా."

"ఊపాడులే. ఇంక నీ సెలవు చూసుకో."

సెలవు కాగితం ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. 'సర్వీసు అవసరాల దృష్ట్యా వాయిదా.' సర్వీసు అవసరం ఏమిటంటే, మూడేళ్ల పాత స్కోరు కార్డులన్నీ తిరగేసి, దెబ్బలు ఎక్కడెక్కడ వృథా అవుతున్నాయో రిపోర్టు తయారు చేయడం. ఏడు వారాలు పట్టింది. ఆయనకు ఆట రాదు అనే మాటను నలభై పేజీల్లో, పట్టికలతో, గౌరవంగా రాశాను. దేశ రక్షణలో నా వాటా అది.

నాకు కోపం వచ్చింది. పదకొండేళ్లయింది. చెడిపోకుండా దాచుకున్నాను.

మూడో వారం మళ్లీ ఫోన్ చేశాను.

"లారీ ఎక్కిచ్చిన కొడుకా," అన్నాడు నాయిన. "మిర్యాలగూడ బేరగాడు వచ్చిండు."

"ఎన్ని?"

"ఎన్నేంది. మేత లేక పదకొండు వడి సచ్చినయ్. మిగిలినయన్ని."

బూతులో మీటరు తిరుగుతూనే ఉంది.

మే నెలాఖరున సెలవు దొరికింది. సూర్యాపేటలో బస్సు దిగేసరికి ఒంటిగంట, నలభై మూడు డిగ్రీలు. ఇంటికి పోతే నాయిన మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. దొడ్డి తలుపు తీసే ఉంది. మూయాల్సిన పని లేదు గనక.

"గాడ ఏం పని చేస్తున్నవ్ రా?" అన్నాడు.

"లెక్కలు రాస్తున్న నాయినా."

తలూపాడు. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే బాగుండేది. కాలు సర్దుకుని, "గాడ మేత ఉంటదా?" అన్నాడు.

"ఉంటది," అన్నాను.

ఆ సెలవుకు కంటోన్మెంటు నుంచి నేను బయల్దేరిన రోజు మా ట్రక్కు గ్రౌండు పక్కనుంచే పోయింది. మిట్టమధ్యాహ్నం. ఆటగాడు లేడు, మనిషి లేడు. చివరి గుంత చుట్టూ రెండు గొట్టాలు నీళ్లు చిమ్ముతూ గుండ్రంగా తిరుగుతున్నాయి. వదిలేస్తే ఆ గడ్డి మోకాలెత్తు పెరిగేది. దాన్ని వేలెడు కూడా పెరగనీయకుండా ఇద్దరు జవాన్లు రోజూ కోస్తారు. కోసిన గడ్డి గట్టు పక్కన కుప్పగా పోసి ఉంది, పచ్చిగా, ఇంకా తడిగా. ఒక జవాను దానికి కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీస్తున్నాడు.