పాటలో లేని ఏడుపు

ఊళ్లో పీర్ల పాటలు పాడేవాళ్లు నలుగురున్నా, కాశీం పాట మాత్రం హుస్సేన్ బీదే. పెళ్లిబట్టలతోనే యుద్ధానికి పోయి ప్రాణం విడిచిన పిల్లవాడి పాట అది. పన్నెండేళ్ల కిందట, నిఖా ఇంకా పదిరోజులుందనగా, ఆమె కొడుకు అబూబకర్ నాపరాళ్ల గనిలో పోయాడు. ఆ ఏడు పీర్ల చావిడి ముందు పాడుతూ, ‘తలపాగా విప్పకుండానే’ అన్న చోట ఆమెకు గొంతు పూడుకుపోయింది. అప్పటినుంచి ఏటా సరిగ్గా అక్కడే పూడుకుపోయేది. ఆపుకుందామన్నా ఆగేది కాదు. విన్న ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు.

తనతోనే పాట పోతుందన్న దిగులుతో ఎదురింటి శివజ్యోతిని చేరదీసింది. ఆ పిల్లది బంగారం లాంటి గొంతు. ఇద్దరూ మిరపకాయల తొడిమలు తీస్తూ రెండేళ్లు పాడుకున్నారు. రాగం నేర్పొచ్చు, మాట నేర్పొచ్చు, ఏడుపు మాత్రం ఎవరిది వాళ్లదే అనుకునేది హుస్సేన్ బీ. చావిడి దాటి ఈ పాట పాడకూడదని ఒక్క మాట తీసుకుంది. శివజ్యోతి పీరు మీద ఒట్టేసింది.

ఆ ఒట్టు ఏడాది కూడా నిలవలేదు. ఓర్వకల్లులో ఎవరిదో బట్టల షాపు ప్రారంభంలో శివజ్యోతి ఆ పాట పాడిన వీడియోను పక్కింటి ఆయేషా ఫోనులో చూపించింది. రంగుదీపాల కింద పిల్ల నవ్వుతూ ఎత్తుకుంది. తలపాగా దగ్గర గొంతు పూడింది, కన్ను తడిసింది. పాట అయిపోగానే మళ్లీ నవ్వు. ఈలలేసి మళ్లీ పాడమంటే మళ్లీ పాడింది, అక్కడే, అంతే ఏడ్చింది. హుస్సేన్ బీ ఫోను పక్కకు నెట్టేసింది.

సాయంత్రం ఆ పిల్ల స్వీటు డబ్బాతో వచ్చింది.

“ఒట్టు పోతే పోయె. పాట నేనిచ్చిందే,” అంది హుస్సేన్ బీ. “ఆ ఏడుపు యాడిదే? అది నేను నేర్పలేదే.”

“నువ్వు పాడినప్పుడల్లా చూసి పట్టుకుంటి అవ్వా. మొదట్లో పాటలోదే అనుకుంటి.”

“తర్వాత?”

“తర్వాత మాయమ్మ చెప్పె, అబూబకరన్న సంగతి.” డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. “జనానికి శానా నచ్చేది అదే కదవ్వా.”

తెలిసే చేసింది. హుస్సేన్ బీ ఆ డబ్బా ముట్టలేదు.

పీర్ల పండుగ వచ్చింది. చావిడి ముందు హుస్సేన్ బీ పాట ఎత్తుకుంది. తలపాగా దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకొని కొడుకును తలుచుకుంది. రంగుదీపాల కింద నవ్వుతున్న శివజ్యోతి కనిపించింది. గొంతు పూడలేదు. పాట ఎక్కడా ఆగకుండా చివరిదాకా సాగిపోయింది.

పీరును ఎత్తుకునే బొజ్జన్న దగ్గరికొచ్చి, మంచి మనసుతోనే అన్నాడు. “ఏమమ్మా, ఈసారి ఆడ ఏడుపు రాలేదే. శివజ్యోతికి శానా బాగా వస్తాది. ఒకసారి ఆ పిల్ల దగ్గర కూర్చొని నేర్చుకోరాదా?”