గేటు బయట విడిచిన చెప్పులు

మా ఆయన పోయి వారం తిరగకముందే, ఒక పొద్దున ఎర్ర కుక్కపిల్ల పాలగిన్నె దగ్గరికి రాలేదు. పిలిస్తే తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంది. ఆకలికి ఆగే పిల్ల కాదు అది. ఏదో తేడా చేసిందని నాకు అప్పుడే అనిపించింది.

ఆయన ఫారెస్టు గార్డు. భద్రాచలం రోడ్డు దిగి లోపలికి వస్తే అడవి అంచున మా ఊరు. తను కాపలా కాసే బీటులోని ఒక గూడెం నుంచి రెండు కుక్కపిల్లల్ని తెచ్చాడు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. వాటికి రెండు నెలలు కూడా నిండలేదు. "సూదులు ఏయించేదాక గేటు దాటనియ్యకు" అని నాకు చెప్పాడు. సూదులు వేయించకముందే ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ దుఃఖం గురించి ఇక్కడ రాయను. కుక్కపిల్లల గురించి రాస్తాను, ఎందుకంటే అది ఇంకొకరికి పనికొస్తుంది.

ఆయన మాట ప్రకారం గేటు దాటనివ్వలేదు. అయితే చావింటికి వచ్చేవాళ్లను ఎవరూ ఆపరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషులు వస్తూనే ఉన్నారు. వరండా నిండా చెప్పులు. పిల్లలు రెండూ ఆ చెప్పుల మీదే పడుకునేవి, పట్టీలు కొరికేవి. ఏడుస్తూ లోపలికి వచ్చినవాళ్లు పోయేటప్పుడు తమ చెప్పు కుక్కపిల్ల నోట్లో చూసి కాస్త నవ్వేవారు. నాకు కూడా అది బాగానే ఉండేది.

పాలు ముట్టని ఆ రోజు మధ్యాహ్నానికి ఎర్రదానికి వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. ఆ వాసన వేరుగా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేం. మా ఆడబిడ్డ సుజాత, వాళ్లన్న పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే ఉంది. ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిగదుడిచింది.

"ఇంతమంది కండ్లు పడ్డయి వదినా. దిష్టి తగలకుంటే ఏమైతది?"

దీపాలు పెట్టే వేళకు ఎర్రది చచ్చిపోయింది. వరండా ఫినాయిల్ పోసి కడిగాను. మర్నాడు పొద్దున నల్లది వాంతి చేసుకుంది. భర్త పోయిన మనిషి పెద్దకర్మ కాకుండా గడప దాటడమేంటని పక్కింటివాళ్లు అన్నారు. సుజాతే ఆటో పిలిచింది. పిల్లను గంపలో పెట్టుకుని పశువుల దవాఖానాకు పోయాం.

డాక్టరు టెంపరేచర్ చూశారు, చర్మం పట్టి లాగి వదిలారు. అది మెల్లగా వెనక్కి పోయింది. "డీహైడ్రేషన్ బాగా ఉంది. బయట తిప్పిన్రా అమ్మా?"

"గేటు కూడా దాటలేదు సార్."

"మరి ఇంటికెవరన్న వచ్చిన్రా?"

సుజాత అందుకుంది. "ఎవరు రాలేదో అడుగున్రి సార్. మా అన్న చచ్చిపోయిండు. సంతకొచ్చినట్టు వచ్చిన్రు."

డాక్టరు నెమ్మదిగా చెప్పారు. "ఇది పార్వో అమ్మా. వైరస్. రోగమున్న కుక్క దొడ్డికి పోయిన మట్టిలో నెలల తరబడి ఉంటది. సంతలనో బస్టాండులనో ఎవరో తొక్కి ఉంటరు. చెప్పులకు అంటి ఇంటికొచ్చింది."

ఫినాయిల్‌తో కడిగానని చెప్పాను.

"ఫినాయిల్‌కు ఇది చావదు. బ్లీచింగ్ పౌడర్ కావాలె."

"బతుకుతదా సార్?"

"వైరస్‌ను చంపే మందు లేదు. ఒంట్లో నీళ్లు తగ్గకుండ మనం చూస్తే, మిగతాది అదే కొట్లాడాలె. సగం ఆశ పెట్టుకోన్రి."

సెలైన్ ఎక్కించారు. వాంతులకొకటి, పేగులో ఇన్ఫెక్షన్ పెరగకుండా ఒకటి ఇంజెక్షన్లు ఇచ్చారు. ముందు కాలికి గుచ్చిన కాన్యులా సూది అలాగే ఉంచి, బాటిళ్లు ఇచ్చి పంపారు. పోయేముందు ఇంకో మాట అన్నారు. "పెద్దకర్మ ఇంకా కాలేదంటున్నరు. వచ్చినోళ్లు మీ వాకిట్ల తొక్కి వాళ్ల ఊర్లకు తీసుకపోతరు. అది కూడా చూసుకోన్రి."

కర్మ అయ్యేదాకా నేను కూర్చోవలసిన గది ఒకటుంది. పిల్లను అందులోనే పెట్టాను. మా ఊరి ఆరెంపీ వైద్యుడు వచ్చి సెలైన్ బాటిల్ కిటికీ ఊచకు కట్టి పోయేవాడు. చుక్కలు పడుతున్నాయో లేదో నేను చూసుకునేదాన్ని. నాకు వేరే పని లేదు. పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవారు.

రెండు మూడు రోజులకు వాంతులు ఆగాయి. సంబరపడి సుజాత పెరుగన్నం వేలితో నాకించింది. గంటలోపే మళ్లీ వాంతి, మళ్లీ నెత్తురు. చెవులు చల్లబడ్డాయి. సుజాత ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి డాక్టరుతో మాట్లాడి వచ్చింది.

"తిట్టిండు వదినా. పేగు పుండై ఉన్నది, నేను చెప్పేదాక నోటికేం పెట్టొద్దన్నడు. బాటిల్ మాత్రం ఆపొద్దన్నడు." కళ్లు తుడుచుకుని, "తిట్టిండంటే బతుకుతదనే గదా" అంది.

పాత చీర చుట్టి, వేడినీళ్ల సీసా పక్కన పెట్టి కూర్చున్నాం.

పెద్దకర్మ ఆ మర్నాడే. చావింటి నుంచి పోతూ కాళ్లు కడుక్కోవడం మా దిక్కు ఆచారం. దాన్నే వాడుకున్నాను. వచ్చేటప్పుడు కూడా కడుక్కోమన్నాను. చెప్పులు గేటు బయటే విడవాలి. గేటు లోపల గోనెసంచి పరిచి బ్లీచింగ్ నీళ్లతో తడిపాం. దాని మీద అడుగు పెట్టి రావాలి, అడుగు పెట్టి పోవాలి. సుజాత అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంది.

తిరుమలాయపాలెం నుంచి వచ్చిన మా చిన్నమామయ్య గేటు దగ్గర ఆగిపోయాడు. "ఇదేంది బిడ్డా? చావింట్ల ఈ వాసనేంది? కుక్కపిల్ల కోసం నన్ను చెప్పులిడువమంటున్నవా?"

"మా అన్న రోజూ బూట్లు బయటనే ఇడిచేటోడు చిన్నాయనా. నీకేంది?"

అది నిజం. అడవిలో అంటుకునే నెత్తురు పీల్చే పిడుదులు ఇంట్లోకి రాకూడదని ఆయన బూట్లు గేటు స్తంభానికి ఉన్న మేకుకు తగిలించి వచ్చేవాడు. ఆ పూట కూడా అవి అక్కడే ఉన్నాయి. చిన్నమామయ్య వాటివైపు చూశాడు.

సుజాత ఇంకా వదల్లేదు. "నీ ఇంట్ల కుక్క ఈనింది గదా. పోయేటప్పుడు దాని పిల్లలకు ఏం తీసుకపోతవ్ మరి?"

"అవ్, అది గూడ నిజమే" అని ఆయన చెప్పులు విడిచాడు. ఆయనే విడిచాక ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మనుషులంతా వెళ్లిపోయాక నల్లది లేచి నిలబడింది. నాలుగు కాళ్లూ వణికాయి. నా గాజుల్లేని చేతిని వాసన చూసి నాకింది. డాక్టరు చెప్పినప్పుడు గ్లూకోజు నీళ్లు స్పూనుతో పట్టాం. తర్వాత గంజి, ఆ తర్వాత మెత్తటి అన్నం.

కోలుకున్నాక మిగతా రోగాలు రాకుండా దానికి టీకాలు వేయించాం. మా దగ్గర దొరకలేదు. సుజాత బోనకల్‌లోని అత్తగారింటి నుంచి వస్తూ, ఖమ్మంలో కొని, ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చేది. ఊళ్లో అందరూ నల్లదాన్ని 'సెలైన్' అని పిలిచారు. ఆ పేరే నిలిచింది.

సెలైన్ ఇప్పుడు పెద్దది. ఈ ఏడు దానికీ పిల్లలు పుట్టాయి. వాటిని చూడ్డానికి వచ్చేవాళ్లకు సంగతి తెలుసు, గేటు బయటే చెప్పులు విడుస్తారు. మేకుకు బూట్లు ఇంకా ఉన్నాయి, నేను తియ్యలేదు.

కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నెలన్నర దాటగానే మొదటి టీకా వేయించండి. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, నాలుగు నెలలు నిండేదాకా మానొద్దు. చివరిది పడి రెండు వారాలు గడిచేదాకా దాన్ని బయట నేల మీద దించకండి. అలాగని గదిలో మూసిపెట్టకండి, పిరికిదవుతుంది. నేను ఈ పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ చంకనెత్తుకుని రోజూ అడవి దారి దాకా తీసుకుపోతున్నాను. లారీలు, మేకలు, మనుషులు, అన్నీ పైనుంచే చూస్తాయి. దిగుతామని గింజుకుంటాయి. దించను. నేల ఎక్కడికీ పోదు.