అత్త పడవ తిప్పేసిన రోజు

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. అండమాన్‌లో ఒక చిన్న దీవిలో ఉండేది. టూరిస్టుల్ని పడవెక్కించి చేపలు పట్టించడం, చుట్టుపక్కల దీవులు చూపించి తీసుకురావడం ఆవిడ పని. ఫోన్ చేసింది అత్తతో కలిసి ఆ పడవ నడిపిన పక్కింటి బెంగాలీ ఆవిడ. ఏడుపు ఆపుకుంటూ హిందీలో చెప్పింది: రాత్రి అన్నం తిని పడుకుంది, పొద్దున్న టీ ఇద్దామని వెళ్తే లేవలేదు.

ఇక్కడ జంషెడ్‌పూర్‌లో, బారిడీలోని మా ఇంటి వరండాలో నాన్న టీ గ్లాసు పట్టుకుని కూచుని ఉన్నాడు. అత్త ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. ఎలా చెప్పాలో తెలీక పక్కన కూచుని చెప్పేశాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నీటిలోనేటే?" అన్నాడు.

"కాదు నాన్నా. ఇంట్లోనే. మంచం మీద, నిద్దట్లో."

"సరిగ్గా అడిగినావా?"

"అడిగాను నాన్నా."

"హమ్మయ్య," అన్నాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాతే ఏడ్చాడు.

పలకరించడానికి ఇదే ఊళ్ళో భాలుబాసా నుంచి వచ్చిన చుట్టాలకి ఆ మాట వింతగా ఉంది. చెల్లెలు పోతే హమ్మయ్య అంటాడేంటి ఈ మనిషి అని చెవులు కొరుక్కున్నారు. నాకు వింతగా లేదు. నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేయగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట కూడా అదే. ఎందుకో చెప్పాలంటే అత్త సంగతి చెప్పాలి.

మా తాతలది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డే. కానీ తాత ఇక్కడి కార్ఖానాలో పనికి వచ్చేశాక మా ఇంట్లో ఎవరికీ సముద్రం తెలీదు. అప్పట్లో నది పక్కనున్న భుయ్యాడీ బస్తీలో ఉండేవాళ్ళు కాబట్టి తెలిసిన నీళ్ళల్లా సువర్ణరేఖే. ఒక వానాకాలం నది పొంగి వీధుల్లోకి వచ్చేస్తే, పదేళ్ళయినా లేని నాన్న చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకుని ఎత్తు మీదికి మోసుకుపోయాడట. అత్త ఆ కథ నవ్వుతూ చెప్పేది. "నాకేటి భయం, నేను పైనున్నాను. పీకల్దాకా మునిగినోడు మా అన్నియ్య," అనేది. నాన్న మాత్రం ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు. నీళ్ళంటే ఆయనకి అప్పట్నించీ పడదు.

అలాంటి మనిషి చెల్లెల్ని తీసుకెళ్ళి దీవిలో ఇచ్చారు. మావయ్యవాళ్ళు మా వైపు వాళ్ళే, ఒక తరం ముందే అండమాన్ వెళ్ళి స్థిరపడిన చేపలవాళ్ళు. దీవికి టూరిస్టులు రావడం మొదలయ్యాక మావయ్య తన పడవలోనే వాళ్ళని తిప్పడం మొదలుపెట్టాడు. అత్త ఇంటి దగ్గర వాళ్ళకి వండి పెట్టేది. బాగానే బతికారు. ఒకరోజు టూరిస్టులెవరూ లేకపోతే, మావయ్య వంజరం చేపల కోసం ఒక్కడే వెళ్ళాడు. గాలి లేచింది. మర్నాడు పడవ దొరికింది. ఆ తర్వాత ఆయన దొరికాడు.

నాన్న వెళ్ళాడు, చెల్లెల్ని తెచ్చేసుకుందామని. పిల్లలు లేరు, అక్కడ ఆవిడకి ఇంకెవరున్నారని ఆయన లెక్క. అక్కడ వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటలు అత్తే నాకు తర్వాత చెప్పింది.

"సామాన్లు సర్దు. నేనున్నాను కదా," అన్నాడట నాన్న.

"పడవుంది అన్నియ్యా. నడుపుకుంటాను."

"మొగుణ్ణి మింగిన నీటి మీదకే మళ్ళీ ఎల్తానంటావేటే?"

"నీరేటి సేసింది? ఆయనే తిరిగి రావలసినప్పుడు రాలేదు."

నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఇంక నాకు చెల్లెలు లేదు అన్నాడు. మనిషి మొండి. ఏళ్ళ తరబడి ఆ మాట మీదే ఉన్నాడు. అమ్మ ఆయన డ్యూటీకి వెళ్ళాక అత్తకి ఫోన్ చేసేది. ఇంట్లో అత్త పేరెత్తితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. కానీ టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అని వినబడితే చాలు, సౌండు పెంచేవాడు. ఎటు వెళ్తోందో మొత్తం విని, అది ఒరిస్సా వైపో బెంగాల్ వైపో తిరిగిందని తేలాక, ఏమీ ఎరగనట్టు బయటికి పోయేవాడు. ఆయన కోపమంతా నిజానికి కోపం కాదని అమ్మకి ముందే తెలుసు. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాన్న రిటైరయ్యాక అమ్మ పట్టుబట్టింది. మన కాలనీవాళ్ళు అండమాన్ టూరు వెళ్తున్నారు, మనమూ వెళ్దాం, నువ్వు మాట్లాడకపోతే మానెయ్యి, నేను మాత్రం మా ఆడపడుచుని చూడాలి అంది. "ఊరు సూడ్డానికి వత్తాను. ఆళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టను," అని షరతు పెట్టి బయల్దేరాడు నాన్న. అమ్మా నాన్నా, నేనూ మా అమ్మాయీ, పక్కింటి సూపర్‌వైజర్ బాబాయీ పిన్నీ. టాటానగర్‌లో రైలెక్కి హౌరా, అక్కణ్ణించి విమానం, ఆపైన లాంచీ. లాంచీలో నాన్న రెయిలింగ్ వదల్లేదు.

జట్టీ మీద అత్త నిలబడి ఉంది. చీర మీద మావయ్య పొడుగు చేతుల చొక్కా, తలకి తువ్వాలు, బుగ్గన బెల్లం ముక్క. నాన్నని చూసి రెండడుగులు ముందుకొచ్చింది. "దా అన్నియ్యా," అంది. నాన్న సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పడవెక్కించే ముందు అందరి బరువూ అడిగింది. సిగ్గూ మొహమాటం ఉండేవి కావు ఆవిడకి. సూపర్‌వైజర్ పిన్ని గుసగుసగా చెబితే, "అంతేనా? పడవకి అబద్ధం సెప్పకూడదమ్మా," అని ఆవిణ్ణి సరిగ్గా మధ్యలో కూచోబెట్టింది. బెంగాలీ ఆవిడ ముందు కూచుంది, అత్త వెనక ఇంజన్ దగ్గర.

చూపించడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. మడ చెట్ల వేళ్ళ మధ్య ఎండకి పడుకున్న ఉడుమునీ, రాయి మీద ముక్కు కిందికి పెట్టుకుని కూచున్న కొంగనీ మనకంటే ముందు పట్టేసేది. దేనికీ పుస్తకాల్లో ఉండే పేరు చెప్పేది కాదు. నీళ్ళ మధ్యలో మూతి ముడుచుకుని కూచున్న మనిషిలాంటి బండ ఒకటుంటే, వచ్చిన ప్రతి టూరిస్టుకీ అది మా మావగారని పరిచయం చేసేదట. ఆ రోజు మా అమ్మాయికి కూడా చూపించి, "మా మావగారే. కట్నం టేపురికార్డరు ఇంకా రాలేదని కోపం," అంది. మా అమ్మాయి "నమస్తే దాదాజీ" అని బండకి దణ్ణం పెట్టింది. అమ్మ నవ్వింది. నాన్న నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

తర్వాత అందరికీ చేతి గేలాలు ఇచ్చింది. బాబాయికి ఏమీ పడలేదు. మా అమ్మాయికి అరచేతంత చేప పడితే వదిలేయించింది. ఇంతలో నాన్న తాడు ఒక్కసారి బిగుసుకుంది. ఆయన లేవబోయాడు. "కూకో అన్నియ్యా! కూకునే లాగు!" అని అరిచింది అత్త. అంత పెద్ద వంజరం. నీళ్ళ కింద వెండిలా ఒక్కసారి మెరిసింది. నాన్న మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళంటే భయమన్న సంగతే మర్చిపోయి తాడు లాగుతున్నాడు, వదులుతున్నాడు, నవ్వుతున్నాడు.

అత్త అప్పుడు చేప వైపు చూడటం లేదు. పడమటి వైపు చూస్తోంది. బుగ్గలో బెల్లం నమలడం ఆపింది.

"గేలాలు తీసియ్యండి. ఎల్లిపోదాం."

"ఏటి?" అన్నాడు నాన్న. ఏళ్ళ తర్వాత చెల్లెలితో ఆయన మొదటి మాట అదే.

"ఎల్లిపోదాం అన్నియ్యా. వదిలియ్యి."

"ఎండ కాత్తన్నాది! సేప గేలానికుంది!"

అత్త వచ్చి కత్తితో ఆ తాడు కోసేసింది. నాన్న చేతిలో ఖాళీ తాడు మిగిలింది. పడవ గిర్రున తిరిగింది.

గాలివాన వచ్చిందేమో అనుకుంటారు. రాలేదు. దారి పొడుగునా ఎండ కాస్తూనే ఉంది. సముద్రం చెరువులా ఉంది. జట్టీ దగ్గర దిగేటప్పటికి మబ్బుతునక కూడా లేదు. బాబాయి మొహం మాడ్చుకున్నాడు. నాన్న మాత్రం మాడ్చుకుని ఊరుకోలేదు. జట్టీ మీద అందరి ముందూ మొదలుపెట్టాడు.

"బుద్ధుందేటే నీకు? ఎక్కడుంది వాన? ఏదీ, సూపించు! జన్మలో ఒక్క సేప పట్టినాను! మొండిదానివి! సిన్నప్పట్నించీ అంతే, ఒకరి మాట ఇనవు! మా మాటినకుండా ఇక్కడ పడున్నావు, ఫోన్ లేదు, కబురు లేదు..."

ఫోన్ మాట్లాడనిది ఆయనే. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. అత్త చేతులు కట్టుకుని వింటోంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. అన్న మాట్లాడుతున్నాడు కదా, ఏదైతేనేం. ఆయన గొంతు పోయి ఆగితే, "ఆకలేత్తందా అన్నియ్యా?" అంది.

నాన్న మొహం తుడుచుకున్నాడు. "ఏత్తంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అత్త ఇంట్లో కింద కూచుని అన్నం తిన్నాడు. మంచినీళ్ళు తాగాడు. తింటూ తింటూ, తల ఎత్తకుండా అడిగాడు: "ఎప్పుడూ ఇలాగే తిప్పేత్తావా?"

"అనుమానం వత్తే తిప్పేత్తాను."

"ఉత్తి అనుమానానికే?"

"ఉత్తిదో కాదో అక్కడుండి సూడాలేటి అన్నియ్యా? ఆయన సూత్తానన్నాడు."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

బెంగాలీ ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వుతూ చెప్పింది, ఈవిడకి దీవి మొత్తంలో పిరికిదని పేరు, సగం ట్రిప్పులు మధ్యలోనే తిప్పేస్తుంది, టూరిస్టులు ఫోన్లలో తిట్టి రాస్తారు అని. "తిట్టనీ," అంది అత్త నాన్నకి కూర వడ్డిస్తూ. "ఒడ్డు మీద నిలబడి తిడతన్నారంటే, ఒడ్డుకి సేరినట్టే కదేటి."

అప్పుడన్నాడు నాన్న ఆ మాట. "హమ్మయ్య." అంత చిన్నగా అన్నాడు, పక్కన కూచున్న నాకు మాత్రమే వినపడింది. మావయ్య పోయిన రోజు నుంచీ బిగపట్టి ఉంచిన ఊపిరి అప్పుడు వదిలినట్టుంది ఆయన. తన చెల్లెలు ధైర్యవంతురాలని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. పిరికిదని తెలిసి స్థిమితపడ్డాడు.

ఆ తర్వాత మా ఇంట్లో రోజూ సాయంత్రం ఫోన్ మోగేది. నాన్న మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇయ్యాల తిప్పేసినావా?" తిప్పేశానంటే సంతోషించేవాడు. లేదంటే, "మరి రేపు తిప్పెయ్యి," అనేవాడు. అత్త అనుమానం నిజమైన రోజులు కూడా ఉన్నాయని బెంగాలీ ఆవిడ ఒకసారి చెప్పింది. అత్త వాటి గురించి మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిట్లు తిన్న రోజుల గురించే కథలు కథలుగా చెప్పేది. టూరిస్టులకీ ఆవిడ మీద కోపం ఎక్కువ కాలం ఉండేది కాదు. పోయినేడాది సగంలో తిప్పేసినావమ్మా, ఆ మిగతా సగం చూపించు అంటూ మళ్ళీ వచ్చేవాళ్ళట.

ఈ మధ్య రెండేళ్ళుగా గుండె నీరసమని పడవెక్కడం మానేసింది. ఇంజన్ బెంగాలీ ఆవిడ చేతికి వచ్చింది. అత్త జట్టీ మీద కుర్చీ వేసుకుని అందరి బరువులూ అడిగేది. ఇక్కడికి వచ్చేయమని మేము అడగలేదని కాదు. నాన్న మాత్రం ఈసారి అడగలేదు. "అదుండనీ. అక్కడ దానికి బాగుంది," అన్నాడు, ఫోన్‌లో అత్తకి వినపడేలాగే. ఆయన నోటి వెంట ఆ మాట వినడం కోసమే అత్త అన్నేళ్ళు బతికిందేమో అనిపిస్తుంది. అక్కడే, తన మంచం మీద, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఎవరినీ వెతికించకుండా వెళ్ళిపోయింది. అందుకే మా ఇంట్లో ఏడుపుతో పాటు ఆ మాట కూడా వచ్చింది. అత్తకి తెలిస్తే తప్పు పట్టదు.

మా అమ్మాయికి ఇప్పుడు కాలేజీ వయసు. నేను తెలుగులో అడిగినవాటికి హిందీలో జవాబు చెబుతుంది. అత్త గురించి మాత్రం, "ఆవిడ భలే నవ్వేది కదమ్మా," అని తెలుగులోనే అంది.

నాకు పదే పదే కళ్ళ ముందుకొచ్చేది వేరే రోజు. ఒకసారి చలికాలంలో అత్త జంషెడ్‌పూర్ వచ్చింది. మధ్యాహ్నం అందరం పార్కుకి వెళ్ళాం. అక్కడ చెరువులో హంస ఆకారంలో తొక్కుడు పడవలు ఉంటాయి కదా. ఎక్కుదాం దా అన్నియ్యా అంది. నాన్న ఎక్కనని గింజుకుని, చివరికి ఎక్కాడు. తిప్పే పిడి ఆయన చేతికే ఇచ్చింది. ఆయనకి చేతకాక పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటే, ఒడ్డున మేమంతా ఇటు, అటు అని కేకలు వేశాం. వాళ్ళకి మా మాటలు వినపడలేదో, విననట్టున్నారో. కాసేపటికి తొక్కడమే మానేశారు. చెరువు మధ్యలో హంస ఆగిపోయింది. శీతాకాలపు ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. ఇద్దరి వీపులూ మా వైపు ఉన్నాయి. అత్త ఏదో చెబుతోంది, నాన్న తల ఊపుతున్నాడు. నీళ్ళంటే పడని మా నాన్న, పక్కకి వంగి, ఒక చెయ్యి మణికట్టు దాకా చెరువులో పెట్టి, మెల్లిగా అటూ ఇటూ ఆడిస్తున్నాడు.